సబ్బుతో తోమిన అంట్లని మళ్ళీ మంచినీళ్ళతో తొలవాల్సిందేనా? (నీళ్ళ కరువులో ఇంట్లో వాదన)

పటమట అక్క
మే 11, ఉదయం 6:52

అందరికీ నమస్కారం. మాది విజయవాడ పటమటలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. ఉగాది దాటినప్పటినుంచి బోరు సరిగ్గా అందడం లేదు. పొద్దున గంట, సాయంత్రం గంట నీళ్ళు వదులుతున్నారు, మిగతాది ట్యాంకర్. ఇంట్లో ఆరుగురం. పూటకి నలభై దాకా అంట్లు తేలతాయి.

మా తమ్ముడు ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో రెండేళ్ళు చదువుకుని ఫిబ్రవరిలో వచ్చాడు. నీళ్ళ ఇబ్బంది చూసి అంట్లు తను తోముతానన్నాడు. అందుకు సంతోషమే. కానీ వాడి పద్ధతి వేరు. ఒక టబ్బులో వేణ్ణీళ్ళు పోసి, లిక్విడ్ కాస్త వేసి, అందులోనే తోమి, నురగతోనే తీసి స్టాండులో బోర్లిస్తాడు. నీళ్ళు కారిపోయాక పొడిగుడ్డతో తుడుస్తాడు. అక్కడ తనున్న ఇంట్లో అందరూ అలాగే చేసేవారట.

మొన్న లిక్విడ్ అయిపోతే అంట్ల సబ్బుతో తోమి, అప్పుడూ అలాగే బోర్లించాడు. నాన్న మజ్జిగ గ్లాసు నోటి దాకా తీసుకెళ్ళి దించేశారు. సబ్బు వాసన. నాన్నకి 74 ఏళ్ళు, తిండికి వంక పెట్టే మనిషి కాదు. అమ్మ ఆ సామానంతా మళ్ళీ కడిగించింది. మిగిలాయనుకున్న నీళ్ళకంటే ఎక్కువే పోయాయి.

నాకు తెలియాల్సింది ఒకటే. తొలవడం నిజంగా అవసరమా, లేక మన అలవాటా? అవసరమైతే తక్కువ నీళ్ళతో ఎలా? "మా ఇంట్లో ఇంతే" అనకుండా ఎందుకో చెప్పండి. కారణం చెప్తే వింటాడు మా వాడు.


ఉలవచారు
మే 11, ఉదయం 7:15

తొలవాలి. రెండో మాట లేదు. గిన్నె మీద వేలు పెట్టి లాగితే కిర్రుమనాలి. జారితే ఇంకా సబ్బు ఉన్నట్టు. మా అమ్మమ్మ పరీక్ష అది.


భవానీపురం బాబాయ్
మే 11, ఉదయం 7:40

అమ్మా, మా చిన్నప్పుడు సబ్బే లేదు. కట్టెల పొయ్యి బూడిద, కొబ్బరిపీచు, ఇత్తడికి చింతపండు. కాలవ గట్టున తోమి కాలవలోనే జాడించి తెచ్చేవాళ్ళం. బూడిద తెల్లగా కనపడేది కాబట్టి అది పోయేదాకా కడిగేవాళ్ళు. ఈ లిక్విడ్ ఆరిపోతే కంటికి కనపడదు, అదే ఇబ్బంది. చింతపండుతో తోమిన రాగిచెంబు సరిగ్గా తొలవకపోయినా అంతే, తెల్లారేసరికి మచ్చలు పడి చిలుము పట్టేది.


పటమట తమ్ముడు
మే 11, ఉదయం 9:05

అక్క చెప్పిన తమ్ముణ్ణి నేనే. అక్క లింకు పంపి "నువ్వే రాయి" అంది.

లీడ్స్‌లో మేము ఐదుగురం ఒక ఇంట్లో ఉండేవాళ్ళం. తొలిచే అలవాటు నాకొక్కడికే ఉండేది. మొదట్లో నా ప్లేటు నేను మళ్ళీ కడుక్కునేవాణ్ణి. వాళ్ళ పద్ధతి ఏమిటంటే, సింకులో ఒక ప్లాస్టిక్ టబ్బు పెడతారు. వేణ్ణీళ్ళలో లిక్విడ్ కలిపి ముందు గ్లాసులు, తర్వాత ప్లేట్లు, చివర జిడ్డు మూకుళ్ళు తోముతారు. పాత ఇళ్ళలో వేణ్ణీళ్ళ కుళాయి, చన్నీళ్ళ కుళాయి విడివిడిగా ఉంటాయి, గోరువెచ్చటి ధార కింద తొలవడం కుదరదు. అందరూ అలాగే చేస్తారని అనను, తొలిచేవాళ్ళూ ఉన్నారు. రెండేళ్ళలో దానివల్ల మాలో ఎవరికీ కడుపు పాడవలేదు.

ఒక లెక్క వేసుకున్నాను. 5 లీటర్ల నీళ్ళకి 5 మిల్లీలీటర్ల లిక్విడ్. అందులో ఐదో వంతు డిటర్జెంటు అనుకుంటే లీటరుకి 200 మిల్లీగ్రాములు. కారిపోయాక ప్లేటు మీద మిగిలే తడి 2 మిల్లీలీటర్లు. అంటే అర మిల్లీగ్రాము కూడా ఉండదు. అందులోనూ కొంత గుడ్డకి పోతుంది.

మా మూడో అంతస్తు పెద్దాయన ట్యాంకర్ దగ్గర బిందె పట్టుకుని నిలబడుతున్నారు. పైన మనం కుళాయి తిప్పి ఒక్కో ప్లేటుకి అర లీటరు వదలడం నాకు మనసొప్పడం లేదు. నాన్న గ్లాసు విషయంలో మాత్రం తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను.


బ్రాడీపేట నాలుగో లైను
మే 11, ఉదయం 11:30

గుంటూరు నుంచి. 31 ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పి రిటైర్ అయ్యాను. బాబూ, మీ లెక్క బాగుంది. అయితే అది మీ లీడ్స్ టబ్బుకి సరిపోయే లెక్క. మన ఇళ్ళలో తోమే తీరుకి సరిపోదు.

అక్కడ డిటర్జెంటు ముందే నీళ్ళలో పలచబడి గిన్నెకి తగులుతుంది. మనం స్క్రబ్బరుని నేరుగా సబ్బుబిళ్ళ మీద రుద్ది, ఆ ముద్దని గిన్నెకి పూస్తాం. పైగా బిళ్ళలో నురగనిచ్చే డిటర్జెంటు కొంతే. ఎక్కువ భాగం సున్నపురాయి పొడి, డోలమైట్, తెల్లమట్టి లాంటి ఖనిజాల పొడులు, కొంత సోడా. గిన్నెని గీకి మాడు వదిలించేది ఆ పొడులే. అవి నీళ్ళలో కరగవు. నీళ్ళతో తోసేస్తే తప్ప పోవు. ఆరాక కనిపించే తెల్లచారలు చాలావరకు అవే.

ఇంకో సంగతి అందరం మర్చిపోతాం. డిటర్జెంటు అణువుకి ఒక కొస నీళ్ళని పట్టుకుంటుంది, రెండో కొస నూనెని పట్టుకుంటుంది. అలా జిడ్డుని చుట్టుముట్టి గిన్నె మీంచి ఊడదీసి నీళ్ళలో తేలుస్తుంది. జిడ్డు ఊడింది కానీ ఎక్కడికీ పోలేదు, ఆ నురగలోనే ఉంది. నిన్నటి చేపల పులుసు, దానితో పాటు సూక్ష్మజీవులు, అన్నీ అందులోనే. నురగతో బోర్లిస్తే అదంతా మళ్ళీ గిన్నె మీదే ఆరుతుంది. కాబట్టి తొలవడం సబ్బు పోవడానికి మాత్రమే కాదు, సబ్బు పట్టుకున్న మురికి పోవడానికి.

ఇక నీళ్ళ సంగతి. తోమిన గిన్నె తనతో 5 మిల్లీలీటర్ల సబ్బునీళ్ళు మోసుకొస్తుందనుకుందాం. నలభై గిన్నెలకి 200 మిల్లీలీటర్లు. వీటన్నిటినీ 10 లీటర్ల టబ్బులో ముంచితే, ఆఖరి గిన్నె తీసేసరికి ఆ నీళ్ళలో సబ్బు బలం సుమారు 50వ వంతు. అవే 10 లీటర్లని రెండు టబ్బుల్లో ఐదేసి లీటర్లుగా పోయండి. మొదటి టబ్బులో 25వ వంతు అవుతుంది. అక్కణ్ణుంచి గిన్నె మళ్ళీ 5 మిల్లీలీటర్లే మోసుకుని రెండో టబ్బులోకి వెళ్తుంది. అక్కడ ఇంకో 25వ వంతు. 25 ఇంటూ 25 అంటే 625వ వంతు. ఒక్క చుక్క కూడా ఎక్కువ పోయలేదు, పన్నెండు రెట్లు శుభ్రం అయింది.

ల్యాబులో బ్యూరెట్ కడిగేటప్పుడు పిల్లలకి ప్రతి ఏడూ చెప్పేవాణ్ణి, ఒకేసారి నిండా పోయొద్దు, కొంచెం కొంచెంగా మూడుసార్లు పోసి పారబోయమని. అంట్లకీ అదే సూత్రం.


పటమట తమ్ముడు
మే 11, మధ్యాహ్నం 12:10

మాస్టారూ, ఇది నాకు తట్టలేదు. ఆ 625వ వంతు సరిపోతుందా? దేనితో పోల్చుకోవాలి?


బ్రాడీపేట నాలుగో లైను
మే 11, మధ్యాహ్నం 2:45

మంచి ప్రశ్న. తాగునీటికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500, 2012లో సవరించింది. అందులో డిటర్జెంట్లకీ ఒక వరుస ఉంది. లీటరుకి 0.2 మిల్లీగ్రాములు మించకూడదు. వేరే నీటి ఆధారం లేకపోతే 1 మిల్లీగ్రాము దాకా ఒప్పుకుంటారు.

గ్లాసుకి పట్టిన సబ్బునీళ్ళు నూటికి ఒక వంతు డిటర్జెంటు అనుకుంటే, ఆ 5 మిల్లీలీటర్లలో 50 మిల్లీగ్రాములు. తొలవకుండా అందులో 200 మిల్లీలీటర్ల మజ్జిగ పోస్తే లీటరుకి 250 మిల్లీగ్రాముల లెక్క. నీళ్ళు కారిపోతే కొంత తగ్గుతుంది కానీ, మీ నాన్నగారి ముక్కు పట్టేసిందంటే ఆశ్చర్యం లేదు. ఒక్క పెద్ద టబ్బులో ముంచితే 5 మిల్లీగ్రాములు. రెండు చిన్న టబ్బుల్లో ముంచితే 0.4. ఇదీ ఆఖరి గ్లాసు సంగతి, మొదట ముంచినవాటికి ఇంకా తక్కువ. అందుకే గ్లాసులు ముందు తొలవండి.


ఉలవచారు
మే 11, మధ్యాహ్నం 3:02

మాస్టారి లెక్క మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.


నాలుగిళ్ళ అమ్మ కూతురు
మే 11, రాత్రి 8:20

నేను ఇక్కడ ఎప్పుడూ రాయను, చదువుతుంటానంతే. ఈ ఒక్కటీ రాయాలనిపించింది.

మా అమ్మ పదహారేళ్ళు గుంటూరులో నాలుగిళ్ళలో అంట్లు తోమి నన్ను చదివించింది. తెల్లచారలు ఉన్నాయని ప్రతి ఇంట్లోనూ మాట పడేది. చారలు ఎందుకు ఉండవు? ఒక ఇంట్లో అన్ని అంట్లకీ కలిపి ఒకే బకెట్ నీళ్ళు పెట్టేవారు. ఇంకో ఇంట్లో వెనక వసారాలో కుళాయి ఉంది, కానీ దారంలా వచ్చేది, దాని కింద గొంతుకూర్చుని తోమాలి. సెలవుల్లో నేను వెళ్ళి తొలిచి ఇచ్చేదాన్ని. ఆఖర్న ఉండే పెద్ద గిన్నెలకి వచ్చేసరికి ఆ బకెట్లో నీళ్ళు పాలలా తెల్లగా అయిపోయేవి. వాటితోనే తొలవాలి, వేరే లేవు. అమ్మ చేతివేళ్ళ సందులు ఆ సోడాకి ఒరిసిపోయి, రాత్రి కొబ్బరినూనె రాసుకుంటే మంటకి ఊదుకునేది.

మూడుసార్లు తొలవాలి అని రాసేవాళ్ళందరూ దయచేసి మీ ఇంట్లో తోమే మనిషికి రెండో టబ్బు, అందులోకి మంచినీళ్ళు ఇస్తున్నారో లేదో చూడండి. నిలబడి తోముకునే చోటు ఉంటే ఇంకా మంచిది. మాస్టారు చెప్పిన పద్ధతికి ఖర్చు ఒక టబ్బు. అంతే కదా.


పటమట అక్క
మే 11, రాత్రి 9:10

చెల్లీ, చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. తమ్ముడు రాకముందు మాకు పనికి వచ్చే ఆమెకి కూడా ఒకే బకెట్ పెట్టేవాళ్ళం. ఆమె వేసవికి ఊరెళ్ళింది, జూన్‌లో వస్తుంది. వచ్చేసరికి మారుస్తాను.


సింగ్‌నగర్ మేడ మీద
మే 11, రాత్రి 10:35

నీళ్ళు లేనప్పుడు అంట్లు ఎలా అన్నది మేము బుడమేరు వరదలో నేర్చుకున్నాం. 2024 సెప్టెంబరు 1న పొద్దున్నే నీళ్ళు వచ్చేశాయి. మా కింది వాటా మునిగింది, మేము పై వాటాలో. కరెంటు లేదు, మోటారు లేదు, ఓవర్‌హెడ్ ట్యాంకులో ఉన్నదే నీళ్ళు. చుట్టూ నడుంలోతు నీళ్ళున్నా ఒక్క చెంబు వాడలేం, డ్రైనేజీ అంతా అందులోనే కలిసింది.

మొదటి రోజు అలవాటుగా సబ్బు వేసి తోమాను. ఆ నురగ పోవడానికి ఎన్ని నీళ్ళు పట్టాయో చూశాక ఏడుపొచ్చింది. రెండో రోజునుంచి సబ్బు మానేశాను. తినగానే, ఎండకముందే కంచాన్ని పాత పేపరుతో గట్టిగా తుడిచేదాన్ని. మా ఇంట్లో శనగపిండి ఉంది, జిడ్డు ఉన్నచోట పొడిగానే చల్లి మళ్ళీ పేపరుతో తుడిస్తే జిడ్డు పిండికి పట్టేసేది. ఆ తర్వాత ఒక గ్లాసు నీళ్ళతో తొలిచేదాన్ని. పాప పాలగిన్నెకి మాత్రం ఆఖర్న మరగబెట్టిన నీళ్ళు. పడవల్లో పులిహోర పొట్లాలు, వాటర్ ప్యాకెట్లు ఇచ్చారు. పొట్లాలొచ్చిన రోజున అంట్లే లేవు.

తమ్ముడూ, నీళ్ళు మిగల్చాలంటే తొలవడం తగ్గించకు, సబ్బు తగ్గించు. మజ్జిగ గ్లాసుకి, మంచినీళ్ళ చెంబుకి, ఉప్మా ప్లేటుకి అంత సబ్బు ఎందుకు? సబ్బు ఎంత తక్కువైతే నీళ్ళు అంత తక్కువ.


వియ్యాలవారి విందు
మే 12, ఉదయం 5:50

మాది కేటరింగ్. మంగళగిరి, తెనాలి, గుంటూరు పెళ్ళిళ్ళు చేస్తాం. ఆకులో కాకుండా ప్లేట్లలో పెట్టే విందైతే 300, 400 ప్లేట్లు, గిన్నెలు, గరిటెలు వేరే. నీళ్ళు ఎప్పుడూ ట్యాంకరే. అందుకని మా పద్ధతి రాస్తున్నా.

ముందు ఒక డ్రమ్ము, ఎంగిలి మెతుకులన్నీ చేత్తో అందులోకి తుడిచేయాలి. ఇది సరిగ్గా చేస్తే సగం పని అయిపోయినట్టే. తర్వాత సబ్బునీళ్ళ తొట్టి. ఆ తర్వాత రెండు మంచినీళ్ళ తొట్లు, పక్కపక్కనే. ప్లేటు మొదటి తొట్టిలో ముంచి నిలువుగా పైకి లేపి, నీళ్ళు కారేదాకా ఒక క్షణం ఆపి, అప్పుడు రెండో తొట్టిలో వేయాలి. ఆ క్షణం ఆపడం కొత్త కుర్రాళ్ళకి చెప్పి చెప్పి నేర్పిస్తాం. ఆపకపోతే రెండో తొట్టి కూడా పది నిమిషాల్లో తెల్లబడిపోతుంది.

మొదటి తొట్టిలో నురగ తేలిందంటే ఆ నీళ్ళు పారబోసి, రెండో తొట్టి నీళ్ళని మొదటి దాంట్లోకి వంచి, రెండో దాంట్లో కొత్తనీళ్ళు పోస్తాం. ఎప్పుడూ కొత్తనీళ్ళు రెండో తొట్టికే. ఈ ఒక్క పద్ధతితో మాకు ట్యాంకర్లో బాగా మిగులుతుంది.

మా అబ్బాయి హోటల్ మేనేజ్‌మెంట్ చదివాడు. అమెరికాలో హోటళ్ళ నియమాల్లోనూ మూడు తొట్లే ఉంటాయట. తోమడానికి ఒకటి, తొలవడానికి ఒకటి, క్రిములు చావడానికి ఒకటి. ఆ మూడోదాంట్లో వేణ్ణీళ్ళయితే 77 డిగ్రీలు ఉండాలి, అర నిమిషం ముంచాలి. మేము వానాకాలంలో ఆఖరి తొట్టిలో మరిగే నీళ్ళు కలుపుతాం. అంత వేడి ఉండకపోవచ్చు గానీ ప్లేటు గుడ్డ అవసరం లేకుండా ఆరుతుంది. తడిగుడ్డతో తుడవడం మాత్రం మా దగ్గర లేదు. ఒకే గుడ్డతో వంద ప్లేట్లు తుడిస్తే కడిగిందంతా వృథా.


బ్రాడీపేట నాలుగో లైను
మే 12, ఉదయం 8:15

కారేదాకా ఆపాలన్న మాట బంగారం. నా లెక్కలో 5 మిల్లీలీటర్లు అన్నాను కదా, ఆ క్షణం ఆపితే అది రెండో మూడో అవుతుంది. అప్పుడు ఫలితం ఇంకెన్నో రెట్లు మెరుగు. రెండో తొట్టి నీళ్ళని మొదటిదాంట్లోకి మార్చడం పెద్ద పెద్ద ఫ్యాక్టరీల్లో కూడా చేస్తారు. సరుకు ఒక వైపు నడుస్తుంది, నీళ్ళు ఎదురు వైపు నడుస్తాయి.


మిర్చియార్డు ఎదురుసందు
మే 12, సాయంత్రం 5:25

ఇవాళ ఆదివారం కాకపోయినా సెలవులే కాబట్టి, ఎనిమిదో తరగతి మా అమ్మాయితో కలిసి చిన్న పరీక్ష చేశాం. పారాణి ఎలా వస్తుంది, పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది కదా. అంట్ల సబ్బులో సోడా ఉందని మాస్టారు చెప్పారు, సోడాకి కూడా పసుపు ఎర్రబడాలి. వెంటనే అది గుర్తొచ్చింది.

తెల్లకాగితం ముక్కల్ని పసుపునీళ్ళలో ముంచి నీడలో ఆరబెట్టాం. మూడు స్టీలు ప్లేట్లు సబ్బుబిళ్ళతో తోమాం. ఒకటి నురగతోనే ఆరబెట్టాం. ఒకటి ఒక టబ్బులో ముంచాం. ఒకటి రెండు టబ్బుల్లో ముంచాం. ఆరాక ఒక్కోదాని మీద రెండు చుక్కలు ప్యూరిఫయర్ నీళ్ళు వేసి, వేలితో తిప్పి, పసుపుకాగితం అద్దాం. వట్టి నీళ్ళకి మారుతుందేమోనని ముందే ప్యూరిఫయర్ నీళ్ళు, బోరు నీళ్ళు రెండూ వేసి చూశాం, పసుపుగానే ఉంది.

నురగతో ఆరిన ప్లేటు మీద కాగితం ఇటుకరంగుకి తిరిగింది. ఒక టబ్బులో ముంచినదానికి మధ్యలో ఏమీ లేదు, కానీ అంచు మడత దగ్గర అద్దితే సన్నగా ఎర్రగీత వచ్చింది. రెండు టబ్బులదానికి మడత దగ్గర కూడా పసుపే.

ఆ మడత చూశాక ఇల్లంతా వెతికాం. కుక్కర్ మూతలో గాస్కెట్ కూర్చునే గాడి, మిక్సీ జార్ బ్లేడు అడుగున, టిఫిన్ బాక్సు మూత రబ్బరు కింద, గిన్నె చెవి రివెట్ల చుట్టూ. అన్నిచోట్లా ఎరుపే! ఇన్నాళ్ళూ కొబ్బరిచట్నీ అప్పుడప్పుడు ఎందుకో వెగటుగా ఉండేది. కొబ్బరి పాతదనుకునేదాన్ని. జార్‌లో సగం నీళ్ళు పోసి ఒకసారి తిప్పి పారబోస్తే పోయింది.


బ్రాడీపేట నాలుగో లైను
మే 12, సాయంత్రం 6:40

తల్లీ, వట్టి నీళ్ళతో ముందు చూడాలని మీ అమ్మాయికి తట్టిందా? అయితే ఆ పిల్లకి నా ఆశీస్సులు. చాలామంది చేయని పని అది.

ఒక్క జాగ్రత్త. లిక్విడ్లు చాలావరకు సోడా లేకుండా, పులుపూ క్షారమూ కాకుండా ఉంటాయి. వాటికి పసుపు మారదు. మారలేదు కాబట్టి లిక్విడ్ మిగల్లేదని అనుకోకూడదు. లిక్విడ్‌కి ఉలవచారు గారి వేలి పరీక్షే మేలు. ఇంకోటి, గాజుగ్లాసు తొలిచి వంచితే నీళ్ళు ఒకే పొరలా జారాలి. చుక్కలు చుక్కలుగా విడిపోతే ఇంకా జిడ్డు ఉన్నట్టు.


పాలకేంద్రం
మే 12, రాత్రి 9:00

నేను ఒక డెయిరీలో క్వాలిటీ ల్యాబులో చేశాను. పైపుల్ని, ట్యాంకుల్ని విప్పకుండానే కడుగుతాం. ముందు వట్టినీళ్ళు, తర్వాత 75, 80 డిగ్రీల వేడిలో కాస్టిక్ సోడా ద్రావణం, మళ్ళీ నీళ్ళు, తర్వాత పలచటి నైట్రిక్ ఆమ్లం, మళ్ళీ నీళ్ళు. సోడా తర్వాత కడిగిన నీళ్ళు పట్టి ఫినాఫ్తలీన్ చుక్క వేసి చూసేవాళ్ళం. గులాబీరంగు వస్తే సోడా ఇంకా ఉన్నట్టే, లైను మళ్ళీ కడగాల్సిందే, పాలు వదలరు. అమ్మాయి చేసిన పసుపు పరీక్ష అచ్చం అదే.

మాకు ఎక్కువ భయం పెరుగు దగ్గర. కొన్ని క్రిమిసంహారక మందులు ఏమాత్రం మిగిలినా తోడులో ఉండే బ్యాక్టీరియా దెబ్బతిని పెరుగు సరిగ్గా పేరుకోదు. ఇంట్లో కూడా తోడు వేసే గిన్నెని ఆఖర్న వేణ్ణీళ్ళతో తొలవండి.


రాత్రి డ్యూటీ
మే 13, తెల్లవారుజామున 4:30

పిల్లల వార్డులో నర్సుని. పెద్దవాళ్ళకి ప్లేటు మీద మిగిలిన కాస్త సబ్బుతో ప్రాణం మీదకి రాదు, టెన్షన్ పడకండి. మరీ ఎక్కువైతే వికారం, విరేచనాలు అవుతాయి. కానీ నెలల పిల్లల విషయంలో నేను ఒప్పుకోను. పాలసీసా, పీక, ఉగ్గుగిన్నె విడదీసి తోమి, బాగా తొలిచి, మరగబెట్టండి.

ఇంకోటి, తొలిచే నీళ్ళే మంచివి కాకపోతే? 2018 మార్చిలో మన గుంటూరు పాతబస్తీ వైపు కుళాయినీళ్ళు కలుషితమై ఎంతమంది డయేరియాతో పడ్డారో మర్చిపోలేం. అప్పటినుంచి మా ఇంట్లో కుళాయినీళ్ళు రంగు మారినా, వాసన వచ్చినా గ్లాసుల్ని కాచిన నీళ్ళతోనే తొలుస్తాం. రోడ్డు మీద టీ బడ్డీల్లో ఒకే బకెట్లో వంద గ్లాసులు ముంచుతారు, అది తొలవడం కాదు. నేను కాగితం కప్పు అడుగుతాను.


గుణదల కొండకింద
మే 13, ఉదయం 9:45

మాకు డిష్‌వాషర్ ఉంది. అది ఆఖర్న తొలుస్తుంది కదా, ఇంక ఏ గొడవా లేనట్టేనా మాస్టారూ?


బ్రాడీపేట నాలుగో లైను
మే 13, ఉదయం 10:30

ఇంటి మెషీన్లు బాగానే తొలుస్తాయి. చుక్కలు పడకుండా ఆరడానికి ఆఖరి నీళ్ళలో మెరుపు ద్రావణం (రిన్స్ ఎయిడ్) ఒకటి వేస్తారు, అది కొంచెం గిన్నె మీద మిగులుతుంది. 2022 చివర్లో స్విట్జర్లాండ్‌లోని దావోస్ పరిశోధకులు, పెద్ద క్యాంటీన్లలో వాడే మెషీన్ల ద్రావణాల మీద ఒక పరిశోధన ప్రచురించారు. వాటిలోని ఆల్కహాల్ ఇథాక్సిలేట్లు అనే డిటర్జెంటు రకం పదార్థాలు పేగు లోపలిపొర కణాలని దెబ్బతీస్తున్నాయని చూపించారు. అది ల్యాబులో పెంచిన కణాల మీద చేసినది, మనుషుల మీద కాదు. మీ మెషీన్లో ఆ ద్రావణం మోతాదు తగ్గించుకునే మీట ఉంటుంది, తక్కువలో పెట్టుకోండి.


కొత్తకాపురం
మే 13, మధ్యాహ్నం 1:15

అందరికీ ఒక చిన్న ప్రశ్న. మా అత్తగారు పులుసు కాచుకోమని రాచ్చిప్ప ఇచ్చారు. దానికి కూడా సబ్బు వేసి రెండు టబ్బుల్లో ముంచితే సరిపోతుందా?


భవానీపురం బాబాయ్
మే 13, మధ్యాహ్నం 1:40

వద్దమ్మా! రాయి పీల్చుకుంటుంది. మట్టికుండ కూడా అంతే. ఒకసారి సబ్బు తాగితే ఎన్ని నీళ్ళు పోసినా పులుసు కాగేటప్పుడు బయటికొస్తుంది. వేణ్ణీళ్ళు పోసి నాననిచ్చి, బియ్యప్పిండో శనగపిండో వేసి కొబ్బరిపీచుతో రుద్దు. మీ అత్తగారినీ అడుగు, ఇన్నేళ్ళు వాడిన చెయ్యి కదా, ఆవిడకి తెలిసినంత మాకు తెలీదు.


పటమట అక్క
మే 16, ఉదయం 7:20

నాలుగు రోజులు చేసి చూసి రాస్తున్నాను. సింకు పక్కన గట్టు మీద రెండు టబ్బులు పెట్టాం. తమ్ముడు లీటరు చెంబుతో కొలిచి 5 లీటర్ల దగ్గర గోళ్ళరంగుతో గీత గీశాడు. తినగానే ఎవరి కంచం వాళ్ళు పేపరుతో తుడిచి వేస్తున్నారు. గ్లాసులకి, చెంబులకి సబ్బు మానేశాం, లిక్విడ్ నీళ్ళలో ముంచిన స్క్రబ్బరు చాలు. జిడ్డు గిన్నెలకే బిళ్ళ. తమ్ముడి వేణ్ణీళ్ళ టబ్బు అలాగే ఉంది, మొదట గ్లాసులు ఆఖర్న మూకుళ్ళు అన్న వరస కూడా వాడిదే. దాని పక్కకి ఈ రెండూ వచ్చి చేరాయి.

ఇంతకుముందు కుళాయి కింద తొలిచినప్పుడు ఎన్ని నీళ్ళు పోయేవో కూడా వాడే బకెట్ పెట్టి కొలిచాడు. పూటకి మూడు బకెట్లు దాటాయి. ఇప్పుడు తొలవడానికి పొద్దున పది లీటర్లు. సాయంత్రం ఐదే, ఎందుకంటే పొద్దున రెండో టబ్బు నీళ్ళు మూతపెట్టి ఉంచి సాయంత్రం మొదటి టబ్బుకి వాడుతున్నాం.


బ్రాడీపేట నాలుగో లైను
మే 16, ఉదయం 8:05

ఎండాకాలం కదమ్మా, పొద్దున్నించి సాయంత్రం దాకా ఎంగిలి తగిలిన నీళ్ళు నిలవుంచొద్దు, క్రిములు పెరుగుతాయి. అదే పూటలో సగం గిన్నెలయ్యాక మార్చుకోండి, కేటరింగ్ ఆయన చెప్పినట్టు. నిలవ నీళ్ళు మొక్కలకి పోయండి.


పటమట అక్క
మే 16, ఉదయం 8:30

సరే మాస్టారూ, ఇవాళ్టి నుంచి అలాగే. ఆ నీళ్ళు కింద గన్నేరు చెట్టుకి పోస్తాం. జూన్ మొదటి వారంలో మా పనామె వస్తుంది, ఆమెకి గట్టు ఎత్తు సరిపోతుందో లేదో చూసి ఒక పీట చేయించాలి. నాన్న రాత్రి రెండు గ్లాసుల మజ్జిగ తాగారు.